పది మార్కుల శనివారం

సమాజ సేవకు పది మార్కులని
అనంతరెడ్డి సారు బోర్డు మీద రాసిండు.
తలా కిలో బియ్యం, పాత బట్టలు,
ఉతికినవే, అని
ఆ మాట కింద రెండు గీతలు కొట్టిండు.

నల్లగొండ దాటినంక దేవరకొండ తొవ్వ.
గుట్టలన్నీ ఎవరో సగం కట్టి
ఇడిసిపెట్టిన గోడల లెక్క.
బస్సు ఆపి బత్తాయిలు బేరం చేసినం.
ఎవరికి బిడ్డా అని అడిగి
తోటాయన లెక్క మీద ఇంకో డజను ఏసిండు,
సారు దిక్కు చూడకుంట.

ఆశ్రమం గేటుకు కొత్త రంగు.
లోపట ప్రతి ఫ్యాను రెక్క మీద ఒక దాత పేరు.
తిరిగినంత సేపు ఎవరి పేరూ కానరాదు.
కరెంటు పోతే
అందరూ మెల్లగ బయటపడతరు.

పొట్టోళ్ళు ముందు, పొడుగోళ్ళు ఎనక,
మేము చెప్పకముందే నిలబడి ఉన్నరు పిల్లలు.
మాకే సరిగ నిలబడ రాలేదు.
సరోజ అంట, మూడో తరగతి,
నెత్తి నూనె చెంపల మీదికి కారుతున్నది,
చెయ్యి పట్టుకొని నన్ను పక్కకు జరిపింది:
"అక్కా, బ్యానరు ఆ మొలకు కట్టున్రి.
అందరూ దానికే కడ్తరు.
ముందుగాల ఫొటో. పండ్లు తర్వాత.
ముందే ఇస్తే పోరగాండ్లు తొక్కలు తీస్తరు,
ఫొటోల అందరి మూతులు పుల్లగొస్తయి."
ఆ మొల
తాళ్ళు ఒరుసుకొని ఒరుసుకొని
కొత్త రూపాయి లెక్క మెరుస్తున్నది.

మేము నేర్పుదామని పోయిన పాట
వాళ్ళకు మొత్తం వచ్చు.
రెండో చరణం కాడ మేము ఆగిపోతే
వాళ్ళు ఆగలే.

ఊడుస్తమని చీపుర్లు పట్టుకున్నం.
వాకిలంతా కడిగిన తలె లెక్క ఉన్నది.
ఏడ ఊడ్వాలె అంటే
నీళ్ళ మోటరు ఎనక ఒక మూల చూపిచ్చింది సరోజ.
"మీరు వస్తరని గిది ఉంచినం.
మొన్నటిసంది ఊడ్వలే."
మా శ్రీలత నవ్వింది. నాకు చెవులు కాలినయి.
నలభై ఒక్కమందిమి
మంచం పరిచేంత జాగను
ఒకరి కాళ్ళ మీద ఒకరం ఊడ్చినం.

బట్టల మూటలు ఇప్పంగనే
వాళ్ళు ఫస్టు జేబులు చూస్తరు.
పైసలుంటే వాపసిస్తరట.
ఒకసారి ఎవరిదో ఊడిన పన్ను దొరికిందట,
దాన్ని గూడ పొట్లం కట్టి దాచిపెట్టిర్రు.
నా నీలం గౌను జేబుల
ఉతుకుడుకు రాయైన కాయితం ఉండ.
సరోజ గోటితోని, మడత ఎనక మడత,
ఉల్లిగడ్డ పొర తీసినట్టు తీసింది.
మా అమ్మ కిరాణం చిట్టీ.
చింతపండు పోయింది, ఉప్పు పోయింది,
ఎన్ని కిలోలో అవీ పోయినయి.
కింద ఒక్క వరుస మిగిలింది:
పిల్లకు రిబ్బన్లు, ఎర్రయి.

సదివింది. మళ్ళ సదివింది.
గౌను పక్కకు పెట్టి
"ఇది నేనుంచుకోనా?" అన్నది.
ఆ రిబ్బన్లు అప్పుడు నా జడలకే ఉన్నయి.
ఇప్పుదామని చెయ్యి పోయింది.
"వద్దక్కా," అన్నది, "కాయితమే."

పోయేటప్పుడు బస్సు మెట్ల కాడ నిలబడి
వేలు చూపుకుంట మమ్ముల లెక్కపెట్టింది.
నలభై. నలభై ఒకటి. సారుతోని నలభై రెండు.
ఎందుకట్ల అంటే,
పోయినేడు వేరే బడి పిలగాడు ఒకడు
బాత్రూముల ఉండంగ బస్సు ఎల్లిపోయిందట.
చీకటి పడేదాంక ఒక్కటే ఏడుపట.
"మా పక్కల పండవెట్టుకున్నం గని
నిద్రపోలే అక్కా.
అలవాటు లేదు కద వానికి."

రిపోర్టుల, ఏమి నేర్చుకున్నవు అన్న కాడ
రెండు గీతలు ఖాళీగ ఇడిసిపెట్టిన.
సారు తొమ్మిది వేసిండు.